ఖాళీగా నిలబడే బండికి కూడా డబ్బులివ్వాలి

అందరికీ నమస్కారం. టైమ్ తక్కువుంది, నేరుగా విషయానికొచ్చేస్తా.

పల్లెలకి అంబులెన్స్ అనగానే ఇప్పుడు చాలామంది హెలికాప్టర్ గురించే అడుగుతున్నారు. కావాలి, నేను కాదనను. కానీ దానికి ముందు ఏమేం ఉండాలో ఆస్ట్రేలియా వాళ్ల అనుభవం చూస్తే బాగా తెలుస్తుంది. జాన్ ఫ్లిన్ అనే పాస్టర్ పట్టుదలతో 1928 మే 17న అక్కడి క్లోన్‌కర్రీ అనే ఊరి నుంచి మొదటి ఫ్లయింగ్ డాక్టర్ విమానం, అంటే డాక్టర్‌ని పేషెంటు దగ్గరికి తీసుకెళ్లే విమానం, లేచింది. విమానమైతే వచ్చింది, మరి ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల మనిషికి ప్రాణం మీదకొచ్చిందని డాక్టర్‌కి ఎవరు చెప్పాలి? ఫోన్ లేదు, కరెంటు లేదు. 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ ఒక రేడియో చేశాడు, సైకిల్ తొక్కినట్టు కాళ్లతో పెడల్ తొక్కితే కరెంటు పుడుతుంది, చేత్తో మోర్స్ కోడ్, అంటే అక్షరాలకి బదులు పొట్టి పొడుగు టిక్కుల సంకేతాలు, కొట్టి కబురు పంపాలి. తర్వాత 1942 నుంచి మందుల పెట్టెలొచ్చాయి, ఒక్కో మందుకి ఒక్కో నంబరు, డాక్టర్ రేడియోలో ఫలానా నంబరు బిళ్ల వెయ్యండి అంటే ఇంట్లోవాళ్లు తీసి వేసేవాళ్లు. అంటే విమానం వచ్చేలోపే వైద్యం మొదలైపోయేది. నాకు విమానం కన్నా ఈ పెట్టే గొప్పగా అనిపిస్తుంది.

ఇక హెలికాప్టర్ సంగతి. లోపల ఆ మోతకి స్టెతస్కోప్ పెట్టినా ఏమీ వినపడదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన పేషెంటుని అలాగే పైకి తీసుకెళ్తే ఎత్తు పెరిగేకొద్దీ ఆ గాలి ఉబ్బుతుంది, అందుకే చాలాసార్లు ముందే ట్యూబ్ వేసి గాలి తీసేసి ఎక్కిస్తారు, ఆ పని నేల మీదే జరగాలి. పైగా అది ఇంటిముందు దిగదు, కరెంటు తీగలు చెట్లు లేని చదునైన జాగా కావాలి, అక్కడిదాకా పేషెంటుని తేవాలంటే రోడ్డు మీద బండే దిక్కు. పొగమంచు పడిందా, ఎగరనే ఎగరదు, మళ్లీ ఆ బండే.

ఆ బండే పల్లెల్లో నిలవట్లేదు. ఎందుకంటే ట్రిప్పుకింత అని లెక్కగట్టి ఇస్తే, జనం ఎక్కువున్న చోట రోజంతా కాల్స్ ఉంటాయి, పల్లెలో ఒక్కోరోజు ఒక్కటి కూడా రాదు. దాంతో బండి మెల్లగా టౌన్ వైపు జరిగిపోతుంది, డ్రైవర్ తప్పేం లేదు, లెక్క అలా ఉంది మరి. ఫైర్ ఇంజన్‌కి మంటకింత అని ఇస్తామా? సిద్ధంగా ఉన్నందుకే ఇస్తాం. అంబులెన్స్‌కీ అంతే ఇవ్వాలి, ఇంత చిన్న విషయం ఎందుకు ఒప్పుకోరో నాకు అర్థం కాదు.

ప్రభుత్వం పట్టించుకోకపోతే ఏమవుద్దో అమెరికాలో 1966 నాటి రిపోర్ట్ ఒకటి చెప్పింది. అప్పట్లో అక్కడ దాదాపు సగం అంబులెన్సులు అంత్యక్రియల వ్యాపారం చేసేవాళ్లవే, కారణం ఒక్కటే, మనిషిని పడుకోబెట్టగల బండి వాళ్ల దగ్గరుంది. బతికున్న మనిషికి ఆ బండే గతి అంటే వినడానికే బాధగా ఉంటుంది.

ఒక లెక్క చెప్తా, గుర్తుపెట్టుకోండి. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు పనిచేస్తే ఒక బండికి మూడున్నర మంది డ్రైవర్లు కావాలి, సెలవులు జబ్బులు కలిపితే కనీసం నలుగురు, పక్కన పేషెంటుని చూసుకునే టెక్నీషియన్లు కూడా నలుగురు. కొత్త సర్వీస్ అని కాగితం మీ చేతికొస్తే ముందు బండికి ఎంతమంది డ్రైవర్లో చూడండి. ఇద్దరే అని ఉందా, అది పగలు మాత్రమే తిరిగే బండి, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే రాదు. అక్కడే లేచి అడగండి, మిగతా ఇద్దరు ఎప్పుడొస్తారు, జీతం ఏ పద్దులో పెట్టారు అని.

ఎవరికైనా డౌట్లుంటే ఇప్పుడు అడగొచ్చు.