పత్తి కాంటా అడగని ప్రశ్న: ఆడవారి కూలిలో తేడా ఎక్కడ పుడుతుంది?

నమస్కారం. "సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని చట్టమే ఉన్నప్పుడు ఇంకా తేడా ఎక్కడిది?" అని చాలామంది అడుగుతున్నారు. అడిగి ఊరుకోకుండా, చట్టం ఉంది కాబట్టి తేడా లేనట్టేనని తేల్చేస్తున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అందుకే మన సిరోంచ పత్తి చేను నుంచే మొదలుపెడతాను.

(తెరపై: కాంటా మీద పత్తి మూట)

పత్తి ఏరితే కూలి కిలోకింత అని కడతారు. సాయంత్రం మూట జోకేటప్పుడు, దాన్ని ఏరింది ఆడమనిషా మగమనిషా అని కాంటా అడగదు. కానీ అదే చేనులో కలుపు తీతకూ, మందు కొట్టడానికీ రోజు కూలి ఉంటుంది. అక్కడ కాంటా ఉండదు. మొదటిది ఆడపని, రెండోది మగపని అని ముందే పంచేసి, మగపనికి ఎక్కువ కూలి కట్టి, "రెండూ ఒకే పని కాదు కదా" అంటారు. పొద్దంతా నడుము వంచి చేసే పని తేలికైనదని ఎవరు జోకి చూశారు?

ఆఫీసుల్లోనూ ఇదే పద్ధతి నడిచింది. ముంబయిలో మెకినన్ మెకెంజీ కంపెనీలో పనిచేసిన ఆడ్రీ డికోస్టా, మగ స్టెనోగ్రాఫర్ల కంటే తమకు తక్కువ జీతం ఇచ్చారని 1976 నాటి సమాన వేతన చట్టం కింద పోరాడారు. వీరు పెద్ద అధికారుల దగ్గర పనిచేసే మహిళా స్టెనోగ్రాఫర్లనీ, ఈ వర్గంలో మగవారే లేనప్పుడు పోలిక ఎలా కుదురుతుందనీ కంపెనీ వాదించింది. 1987లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అంత జీతం ఇచ్చే స్తోమత లేదన్న మాటనూ ఒప్పుకోలేదు. చట్టంలో "ఒకే పని" అని మాత్రమే లేదు, "అదే తరహా పని" అని కూడా ఉంది. అందరూ మరిచిపోయేది ఈ రెండో మాటనే.

ఇక కాంటా దగ్గరికే మళ్లీ వద్దాం. కిలో రేటు ఒకటే అయినా ఆమె మూట చిన్నదే కావచ్చు. వంట చేసి, నీళ్లు పట్టి, పిల్లలను తయారుచేసి ఆమె చేను చేరేసరికి ఆయన రెండు సాళ్లు ఏరి ఉంటాడు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే ఆడవారు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే మగవారు 97 నిమిషాలు వెచ్చించారు. కాంటా పక్షపాతం చూపదు, కానీ తెల్లవారుజామున ఇంట్లో జరిగినది దానికి కనబడదు. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ సంపన్న దేశాల లెక్కల్లోనూ ఇదే చూపారు: ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య కూడా, మొదటి బిడ్డ పుట్టిన తర్వాతే తేడా బాగా పెరుగుతుంది.

సమయం అయిపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. అది న్యాయమే, కానీ ఆ జీతభారమంతా యజమాని మీదే పెట్టడం వల్ల ఆడవారిని పనిలోకి తీసుకోవడానికే కొందరు వెనకాడతారు, ఆ భారాన్ని ప్రభుత్వం పంచుకోవాలని నా అభిప్రాయం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆడ, మగ తేడా లేని కూలి ఇచ్చింది, ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవారివే అయ్యాయి. 1976 చట్టం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసింది, "అదే తరహా పని" అన్న మాట అందులోనూ ఉంది.

ఈసారి మీ చేనులోకి కూలీలను పిలిచినప్పుడు, ఆడవారి కూలి, మగవారి కూలి ఒక కాగితం మీద రాసి, తేడాకు కారణమేమిటో పక్కన రాయండి. ఆ కారణాన్ని కింద కామెంట్లలో పెట్టండి, వచ్చే వీడియోలో వాటినే చదువుతాను.