డబ్బిచ్చే ట్రస్టు ఊళ్లోకి ఎప్పుడు రావాలి?

అందరికీ నమస్కారం. వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ధర్మ సంస్థలు జనంతో ఎలా మెలగాలో, అందులోనూ లండన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ ఏం చేసిందో చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. కానీ ఖమ్మం సంగతి ముందు మాట్లాడకపోతే నాకు మాట సాగదు.

2009 జులైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ, తోడుగా కేంద్రం వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. దాదాపు 14 వేల మంది పిల్లలు, వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఇక్కడా, ఇదే పథకం నడిచిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులు టీకా వల్లే అనడానికి ఆధారం లేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో నన్ను వదలని అంకెలు కొన్ని ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే నాలుగింట ఒకటికి పైగా ఫారాల్లో, అమ్మో నాన్నో సంతకం పెట్టాల్సిన చోట వార్డెన్ పెట్టాడు.

టీకా మంచిదే, ఆ మాట గట్టిగానే చెప్తాను, ప్రపంచంలో కోట్ల మంది ఆడపిల్లలు వేయించుకున్నారు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా మన దగ్గర ఆ టీకా పేరెత్తితే ముందు ఖమ్మం గుర్తొస్తుంది. మంచి మందు తెచ్చి, అది ఎందుకో, వద్దంటే ఏమవుతుందో, ఎవరిని అడగాలో ఇంటివాళ్లకు చెప్పకుండా వేస్తే, తర్వాత వచ్చే అనుమానానికి జనాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఇప్పుడు లండన్. హెన్రీ వెల్‌కమ్ అమెరికాలో విస్కాన్సిన్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో మందుల కంపెనీ పెట్టిన మనిషి. 1936లో పోతూ తన కంపెనీని ట్రస్టుకు రాసిచ్చాడు, లాభాలు వైద్య పరిశోధనకు వెళ్లాలని. ఈరోజు అది ఎంత పెద్దదంటే 2022లో, రాబోయే పదేళ్లలో 1,600 కోట్ల పౌండ్లు ఖర్చు పెడతామని ప్రకటించింది. ఆయన జీవితకాలంలో సేకరించిన లక్షల వస్తువుల్లో కొన్నింటితో 2007లో యూస్టన్ రోడ్డులో వెల్‌కమ్ కలెక్షన్ అని మ్యూజియం తెరిచారు. టికెట్ లేదు. అందులో హెన్రీ సేకరణ మీదే పెట్టిన గ్యాలరీని 2022 నవంబర్‌లో వాళ్లే మూసేశారు, అది జాతి, లింగ, వైకల్య వివక్షతో నిండిన వైద్య చరిత్రనే చెప్తోందని ఒప్పుకుంటూ. దాని మీద పెద్ద గొడవ అయింది. మూయడం సరైనదా అంటే నా మనసు రెండు వైపులా లాగుతుంది, మార్చి చూపించొచ్చు కదా అనిపిస్తుంది. అయినా తన స్థాపకుడి గురించి జనం ముందు అలా మాట్లాడగలిగిన సంస్థ అంటే నాకు గౌరవం.

బ్రిటన్‌లో కూడా జనంతో మాట్లాడాలనే ఈ బుద్ధి ఊరికే రాలేదు. 1985లో అక్కడి శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఒక నివేదిక వేసింది, జనానికి సైన్స్ అర్థమయ్యేలా చెప్పాలి అని. దాన్ని చాలామంది అందుకున్న తీరు ఏమిటంటే, జనానికి తెలియదు, మనం చెప్తే తెలుస్తుంది, తెలిస్తే ఒప్పుకుంటారు. తర్వాత పశువుల మెదడును పాడుచేసే పిచ్చి ఆవు వ్యాధి వచ్చింది. 1990లో అక్కడి వ్యవసాయ మంత్రి టీవీ కెమెరాల ముందు నాలుగేళ్ల తన కూతురికి బీఫ్ బర్గర్ తినిపించబోయాడు, భయం లేదని చూపించడానికి. 1996లో అదే పార్టీ ప్రభుత్వం ఆ జబ్బు మనుషులకు వచ్చి ఉండొచ్చని పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది. ఆ దెబ్బతో 2000లో అక్కడి పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ, జనంతో సంభాషణ జరగాలని గట్టిగా రాసింది. మనం ఇప్పుడు పబ్లిక్ ఎంగేజ్‌మెంట్ అంటున్న దానికి ఊపు వచ్చింది ఆ భంగపాటు నుంచే.

వెల్‌కమ్ డబ్బుతో నడిచే పనుల్లో నాకు బాగా నచ్చేది మ్యూజియం కాదు, కెన్యా తీరంలోని కిలిఫి. 1989 నుంచి అక్కడ కెన్యా వైద్య పరిశోధన సంస్థతో కలిసి మలేరియా మీదా, పిల్లల జబ్బుల మీదా పరిశోధన చేస్తున్నారు. పిల్లల దగ్గర రక్తం తీస్తుంటే ఊళ్లలో గుసగుసలు మొదలయ్యాయి, ఇంత రక్తం ఎందుకు, దీన్ని ఎక్కడికి పంపుతున్నారు, అమ్ముకుంటున్నారా అని. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆలోచించండి, బాగానే ఉన్న బిడ్డకు సూది గుచ్చి రక్తం తీసుకుపోతే, ఫలితం ఏంటో తిరిగొచ్చి చెప్పకపోతే, మన ఇళ్లలో అడగమా? వాళ్లు చేసిందేమంటే, ఊళ్లవాళ్లు ఎంచుకున్న ప్రతినిధులతో క్రమం తప్పకుండా కూర్చోవడం. పరిశోధన సంగతులు ఇటు నుంచి అటు, ఊరి మాట అటు నుంచి ఇటు. బడి పిల్లల్ని ల్యాబ్‌లోకి తీసుకెళ్లడం. ఆ మాటామంతీ వల్ల సమాచార పత్రాలు రాసే తీరే మారింది. ఇదంతా నిదానంగా సాగే పని, ఫొటోలకు పెద్దగా పనికిరాదు, అందుకే డబ్బిచ్చేవాళ్లకు ఓపిక కావాలి.

మన హైదరాబాద్‌కు వద్దాం. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, వెల్‌కమ్ కలిసి 2008లో పెట్టిన, పరిశోధకులకు డబ్బిచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు ఇక్కడే ఉంది, మీలో కొందరు వాళ్ల ఫెలోషిప్‌కి అప్లై చేసే ఉంటారు. వాళ్లు 2018లో సూపర్‌హీరోస్ అగైనెస్ట్ సూపర్‌బగ్స్ అని మొదలుపెట్టారు, యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి పిల్లల చేత కామిక్స్ గీయించడం. మంచి పని, ఎందుకంటే చేతిలో పెన్సిల్ ఉన్న పిల్ల తనకు అర్థం కానిది గీయలేదు, ఆగి అడుగుతుంది.

కానీ అదే బ్యాక్టీరియా గురించి పెద్దల దగ్గరికొచ్చేసరికి మనం ఏం చెప్తున్నాం? డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో మాత్రలు కొనొద్దు, ఆర్‌ఎంపీ ఇచ్చిన సూది వేయించుకోవద్దు. సరే. మరి పటాన్‌చెరు మనిషి లేచి, మా కాలువల సంగతేంటి అని అడిగితే? 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థాల్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ అది. అర స్ట్రిప్ మాత్రలు కొనుక్కున్న కూలీకి పాఠం చెప్పి, ఈ ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అది మా పరిధి కాదంటే, ఆ మీటింగ్‌కి రెండోసారి ఎవరూ రారు, రాకపోవడమే న్యాయం. జనంతో మాట్లాడటానికి డబ్బిచ్చే సంస్థ, జనం అడిగేది తనకు ఇబ్బందైనా వినడానికి ముందే సిద్ధపడాలి.

చివరగా గ్రాంట్ అప్లికేషన్ రాసేవాళ్లకు ఒక మాట. జనానికి చేరవేయడం అనే గడి చివరి పేజీలో ఉంటుంది, అక్కడ ఒక వర్క్‌షాపు, ఒక పోస్టరు అని రాసి దులిపేసుకుంటాం. దాన్ని మొదటి ఏడాది బడ్జెట్లో పెట్టండి, శాంపిళ్లు తీయడానికి ముందు. కోయ మాట్లాడే ఊరైతే కోయ వచ్చిన మనిషికి జీతం రాయండి. మీటింగ్‌కి వచ్చినవాళ్లకు బస్సు ఛార్జీ, ఆ పూట పోయిన కూలి కట్టివ్వండి. మీరు సాయంత్రం ఏడింటికి వెళ్లండి, వాళ్లు పొలం నుంచి వచ్చాక. ఊరు వద్దంటే పరిశోధన పద్ధతి మార్చుకోవడానికో, మానుకోవడానికో ఆరు నెలలు పెట్టుకోండి, ఆ ఆరు నెలలకు జీతాలు కూడా అడగండి. ఫండర్ ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోలేదో రాతపూర్వకంగా ఇమ్మనండి.