నీ ఒరిషాని అడిగి చూడు

శ్రోతలకు నమస్కారం. ఇవాళ బ్రెజిల్ ప్రేమపాటల గురించి మాట్లాడుకుందాం. అన్నీ కాదులెండి, ప్రేమికుల మధ్యలోకి దేవుళ్లు దూరి సలహాలిచ్చే పాటలు మాత్రమే.

1966లో గిటారిస్టు బాదెన్ పావెల్, కవి వినీసియుస్ జి మొరాయిస్ కలిసి 'ఆఫ్రో సాంబాలు' అని ఒక ఆల్బమ్ చేశారు. వినీసియుస్ దౌత్యవేత్తగా పనిచేసిన మనిషి, తొమ్మిది పెళ్లిళ్లు చేసుకున్నాడంటారు, కాబట్టి ప్రేమ సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు! అందులో మొదటి పాట ఒసాన్యా మీద. ఒసాన్యా అంటే ఆకులకీ మూలికలకీ అధిదేవత, ఏ ఆకుకి ఏ శక్తి ఉందో తెలిసినవాడు. అలాంటివాడి దగ్గరకి జనం దేనికి వెళ్తారో మీకు తెలిసిందే, మందు పెట్టించడానికి. పాట మాత్రం, ప్రేమ కోసం మంత్రాల వెంట పడేవాడు పాపం అంటుంది. ఇంకో దేవుడు షాంగో, పిడుగుల దేవుడు, కబురు పంపిస్తాడు: ఒసాన్యా పాట వినపడితే వెళ్లకు, తర్వాత బాధపడతావు. అక్కడితో ఆగదు, కావాలంటే నీ ఒరిషాని, అంటే నీ దేవుణ్ణి, అడిగి చూడు, నొప్పి పుడితేనే ప్రేమ బాగుంటుంది అని కూడా అంటుంది.

అప్పటిదాకా గిటార్ దిగులుగా, మెట్లు దిగుతున్నట్టు కిందికి కిందికి వస్తూ ఉంటుంది. ఒక్కసారిగా రాగం వెలుగులోకి తిరుగుతుంది, వెళ్లు, ప్రేమించు, ఏడువు అని ఒక పక్క కోరస్ తోస్తుంటే, పాడేవాడు వెళ్లనంటాడు. పోయిన ప్రేమ దుఃఖాన్ని మరిపిస్తామంటే నమ్మేవాణ్ణి కాదు, కొత్త ప్రేమ తెల్లవారుతూ చుక్క పొడవడం చూడ్డానికైతేనే వస్తానంటాడు. ఆ మొండితనమే నాకు నచ్చింది.

ఈ ఒరిషాలు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకొచ్చిన యోరుబా జనంతో పాటు వచ్చిన దేవతలు, వాళ్ల ఆరాధనని కాండోంబ్లే అంటారు. బహియా రాష్ట్రంలో 1976 దాకా ఈ కాండోంబ్లే గుళ్లు పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. అంటే ఆ ఆల్బమ్ వచ్చిన నాటికి, షాంగో పేరు రికార్డు మీద వినొచ్చు గానీ గుడిలో డోలు కొట్టాలంటే పోలీసులతో పని!

అదే బహియాలో, సాల్వడోర్ నగరంలో, ఏటా ఫిబ్రవరి 2న సముద్రపు దేవత యెమాంజాకి కానుకలు పంపుతారు. ఆవిడకి సోకెక్కువ, అందుకే బుట్టల్లో అద్దాలు, దువ్వెనలు, సెంటు సీసాలు, పూలు పెట్టి జాలరులు పడవల్లో తీసుకెళ్లి నీళ్లలో వదులుతారు, ఒడ్డుకి తిరిగొస్తే ఆవిడకి నచ్చలేదన్నమాట. ఆ ఊరి గాయకుడు దోరివాల్ కయీమి దీనిమీద ఒక పాట కట్టాడు. సాయం చెయ్యమని ఆవిడకి చీటీ రాశాను, ఓపిగ్గా ఎదురుచూడమని జవాబిచ్చింది అంటాడు. ఏం సాయం అడిగాడో చెప్పడు. ప్రేమ గొడవే అయ్యుంటుందని నా అనుమానం.