అక్కిడి సాళ్ళు

శ్రోతలకు నమస్కారం. చిన్న కుటుంబ సేద్యం గురించి, నిదానమైన జీవనం గురించి, ఒంటికి పట్టే తిండి గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఒక్కొక్కటీ ఒక్కొక్క ప్రసంగానికి సరిపడే విషయం. నాకు ఇచ్చిన సమయం కొద్ది నిమిషాలే కనుక, ఈ మూడూ కలిసి కనిపించే, చేనిలోని ఒకే ఒక సాలు దగ్గరకు మిమ్మల్ని తీసుకుపోతాను. మా వైపు దానిని అక్కిడి సాలు అంటారు.

మా వైపు అంటే మడకశిర ప్రాంతం. నిన్నమొన్నటి వరకు అనంతపురం జిల్లాలో ఉండేది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పొలిమేర దాటితే కర్ణాటక, అక్కడి రైతులకూ ఈ అక్కిడి మాట తెలుసు. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు కురిస్తే. మాకున్నది నాలుగెకరాల ఎర్రనేల, దానిలో ప్రధాన పంట వేరుశనగ. ఏడు సాళ్ళ వేరుశనగకు ఒక సాలు, కొందరైతే పదకొండు సాళ్ళకు ఒక సాలు, వేరే గింజలకు విడిచిపెడతారు. ఆ విడిచిపెట్టినదే అక్కిడి సాలు.

నా చిన్నతనంలో విత్తనం పడే రోజున ముందు ఎద్దుల గొర్రు నడిచేది, దాని వెనుక తాడుతో కట్టిన వెదురు గొట్టాన్ని పట్టుకొని మా అవ్వ నడిచేది. ఆమె ఒడిలో కందులు, అనుములు, అలసందలు, కొన్ని జొన్నలు, కొన్ని సజ్జలు, అక్కడక్కడ వేయడానికి ఆముదాలు, చిటికెడు గోగు విత్తనాలు కలిసి ఉండేవి. ఏ గింజ ఎంత కలపాలో ఆమెకు కొలతపాత్ర అవసరం లేదు, పిడికిలే కొలత. అన్నీ ఒకే ఒడిలో ఎందుకు కలుపుతావని నేను అడిగితే, "ఒక్కో గింజకు ఒక్కో నెల ఉందిరా" అని చెప్పి, గొట్టంలోకి గింజలు వదులుతూ ముందుకు పోయేది.

ఆ మాటకు అర్థం నెల తరువాత నెల మా వంటింట్లో కనబడేది. మొక్క మూరెడు లేవగానే గోంగూర వచ్చేది. ఆ తరువాత అలసంద కాయలు, ఆ వెనుక సజ్జ కంకులు, జొన్న కంకులు. వేరుశనగను పీకి, కాయలు కోసి, కట్టెను వామి వేసిన తరువాత చేను బోసిపోయినట్లు కనబడేది గాని, అక్కిడి సాళ్ళు మాత్రం ఎక్కడివక్కడ నిలబడి ఉండేవి. ఒక్కసారి విత్తినందుకు ఆరు నెలల కూర. విత్తింది ఒక్కసారే, ఆ సంగతి మరచిపోకండి.

ఈ గింజలన్నింటిలో నాకు ప్రీతి చిక్కుడు జాతికి చెందిన అనుము మీద, కనుక దాని గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, మన్నించండి. నాటు అనుమును జూన్‌లో విత్తండి, జూలైలో విత్తండి, అది తొందరపడదు. తీగ సాగుతుంది, ఆముదపు చెట్టుకో జొన్న మోడుకో అల్లుకుంటుంది, కానీ పొద్దు కురచబడే వరకు పూత పట్టదు. పగటి పొడవు తగ్గితేనే పూసే స్వభావం దానిది. ఎరువు వేసి తొందరపెడదామని మా నాయన ఒక ఏడు ప్రయత్నించారు. ఆకు బలిసిందే గాని పూత ఒక్క వారమైనా ముందుకు రాలేదు. కార్తీకం దాటి మంచు మొదలైన తరువాత కాయ నిండుతుంది, అప్పుడే దానికి ఆ వాసన పడుతుంది. పొద్దున్నే మంచులో తడిసిన అనపకాయలు, అంటే ఈ అనుము కాయలే, కోసిన చేతులను ఎన్నిసార్లు కడిగినా ఆ జిడ్డు, ఆ వాసన సాయంత్రం వరకు వదలవు.

ఆ పచ్చి గింజలను నీళ్ళలో నానవేసి, నానిన తరువాత ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పితికితే తోలు చేతిలో మిగిలి, పప్పు గిన్నెలో పడుతుంది. ఇదే పితికి పప్పు. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుంటేగాని ఒక పూటకు సరిపడే పప్పు తయారు కాదు. మా ఇంట్లో పెళ్ళిమాటలు, పొలం తగాదాలు, పిల్లల చదువుల సంగతులు చాలావరకు ఈ గిన్నె చుట్టూనే తేలాయి. రాగి సంగటిలోకి ఆ పప్పుతో చేసిన పులుసు పోసుకొని తిన్నవారికి దాని రుచి గురించి నేను చెప్పనవసరం లేదు. నగరాల నుంచి వచ్చే మిత్రులు నిదానంగా జీవించడం ఎలాగో నేర్పమని అడుగుతుంటారు. వారి చేతికి నేను ఈ గిన్నె ఇస్తాను. పావుగంటకే కొందరు ఫోను వైపు చూస్తారు, అది వేరే సంగతి.

ఒక కరువేడు సంగతి చెప్పాలి. వేరుశనగ కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళకు వాన ముఖం చాటేసింది. నేల గట్టిపడి ఊడ లోపలికి దిగలేదు, చివరకు మాకు మిగిలింది పశువుల మేత. ఆ ఏడు తెచ్చిన అప్పు అలాగే నిలిచిపోయింది, దానిని తీర్చడానికి మరి రెండేళ్ళు పట్టింది. కానీ వేరు లోతుకు పోయే కంది, ఆలస్యంగా వచ్చిన రెండు పదునులను అందుకున్న అనుము ఎంతో కొంత కాశాయి, సంక్రాంతి వరకు పప్పు కోసం మా అమ్మ అంగడికి పోలేదు. మా ఖాతా పుస్తకంలో ఆ ఏడాది లెక్క చూస్తే నష్టమే కనబడుతుంది, ఎందుకంటే మేము తిన్నదానిని ఏనాడూ అందులో రాయలేదు. రాసి ఉండవలసిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఈ సాళ్ళకు ఇంకొక పని కూడా ఉంది. 2000లో ఉమ్మడి జిల్లా వేరుశనగను కాండం కుళ్ళు తెగులు పెద్ద ఎత్తున దెబ్బతీసింది. వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఉండే వైరస్‌ను తామరపురుగులు మోసుకొచ్చిన తెగులది. ఆ తరువాత, ఆ పురుగులను అడ్డుకోవడానికి చేని చుట్టూ జొన్నగాని సజ్జగాని దట్టంగా వేసుకోమని శాస్త్రవేత్తలు సలహా ఇచ్చారు. లద్దె పురుగుకు ఎరగా ఆముదం వేయమనీ చెప్పారు. ఆ గింజలన్నీ అవ్వ ఒడిలో ఉన్నవే.

ఇక వింటున్న రైతులకు ఒక్క మాట, ఆచరణకు సంబంధించినది. ట్రాక్టరు గొర్రు వచ్చిన తరువాత అక్కిడి సాళ్ళు పోయాయని అందరూ అంటారు, అందులో నిజం ఉంది. కానీ విత్తేటప్పుడు డ్రైవరుకు ముందుగానే చెప్పి, గొర్రులో ఒక గొట్టానికి వేరుశనగ అందకుండా గుడ్డ కుక్కించండి, ఆ ఖాళీ సాలులో మీరో మీ ఇంటివారో వెనుక నడుస్తూ కలిపిన గింజలు వేయండి. మేము అలాగే చేస్తున్నాము. దానికంటే కష్టమైనది వేరుశనగ కోత తరువాత వస్తుంది. చేలు ఖాళీ అయ్యాయని ఊరి మందలు వచ్చి పడతాయి, అనుము పూతకు వచ్చేది సరిగ్గా అప్పుడే. ఒక్కరి చేనులో సాళ్ళు ఉంటే కాపాడుకోలేరు, పక్క పక్క నాలుగు చేలలో ఉంటే కాపరికి చెప్పే మాటకు బరువు ఉంటుంది. కనుక గింజలు కలపడానికి ముందే పక్క చేల వారితో మాట్లాడండి, కోతకు ముందే మందల వారితో మాట్లాడండి. మా వద్ద కాపరికి సంక్రాంతికి రెండు శేర్ల కందులు ఇచ్చే ఏర్పాటు ఉంది.

అవ్వ పట్టిన వెదురు గొట్టం ఇంకా మా పశువుల కొట్టంలో గోడకు వేలాడుతోంది. పోయిన వేసవిలో కందిరీగ ఒకటి దాని మూతిలో మట్టి గూడు కట్టింది. తొలి వాన పడిన మరునాడు దానిని విదిలించి, కడిగి, ఎండబెట్టాము.

సెలవు.