కన్యాస్త్రీ పిలుపు: మొదటి అడుగులు

శ్రోతలకు నమస్కారం. కతోలిక శ్రీసభలో కన్యాస్త్రీ కావాలన్న కోరిక అమ్మాయిల్లో ఎలా మొదలవుతుందో, ఆ తర్వాత ఏం జరుగుతుందో ఈరోజు చెప్పుకుందాం.

పిలుపు అనగానే చాలామంది కలలో దర్శనమో, ఆకాశవాణో అనుకుంటారు. మామూలుగా అలా జరగదు. హాస్టల్లో జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద రాత్రంతా తడిగుడ్డ మారుస్తూ కూర్చున్న సిస్టరమ్మను చూసి, "నేనూ ఇలా బతకగలనా?" అన్న ఊహ పుడుతుంది. నెలలు గడిచినా ఆ ఊహ వదలకపోతే అప్పుడు విచారణ గురువులతో (ఊరి చర్చి ఫాదర్‌తో) మాట్లాడాలి. వేసవి సెలవుల్లో మఠాలవాళ్ళు 'కమ్ అండ్ సీ' శిబిరాలు పెడతారు. కొద్దిరోజులుండి, చూసి, ఇంటికి వచ్చేయడమే. ఒక్క సభను, అంటే ఒక్క సిస్టర్ల సంఘాన్ని చూసి తేల్చుకోవద్దు. బడులు నడిపే సభలో బతుకు వేరు, నాలుగు గోడల మధ్య ప్రార్థనకే అంకితమైన కార్మెల్ మఠంలో బతుకు వేరు.

చేరాక మొదట ఆస్పిరెంట్ (ఆశావహురాలు), ఆపైన పోస్టులెంట్ (ప్రవేశం కోరే అభ్యర్థి) అంటారు. ఈ దశలు ఎంతకాలమన్నది సభను బట్టి మారుతుంది. అసలు పరీక్ష నొవిషియేట్, అంటే మఠ జీవితానికి శిక్షణ ఇచ్చే కాలం. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం 17 ఏళ్ళు నిండనిదే అందులో చేర్చుకోకూడదు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందినట్టు పత్రాలు, పెళ్ళి కాలేదన్న ధ్రువీకరణ అడుగుతారు. నొవిషియేట్ కనీసం 12 నెలలు ఉండాలి. ఆ కాలంలో 3 నెలలకు మించి మఠం బయట గడిపితే అది చెల్లదు. 15 రోజులు దాటితే ఆ లోటు పూడ్చాలి. అందుకే అక్క పెళ్ళికో, అమ్మ ఆపరేషన్‌కో పంపేటప్పుడు రోజులు లెక్కచూసి పంపుతారు.

ఎంతసేపు మోకాళ్ళ మీద ఉందన్నది ఒక్కటే చూస్తారనుకోకండి. తన వంతు కాని రోజున అంట్లు కనిపిస్తే ఏం చేస్తుంది? మందలిస్తే ఎన్నాళ్ళు ముఖం ముడుచుకుంటుంది? తిండీ నిద్రా సరిగ్గా ఉన్నాయా? నలుగురితో కలిసి ఏళ్ళతరబడి బతకగలదా అన్నది ఇక్కడే తెలుస్తుంది.

తర్వాత పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులు, అంటే దేవుడికిచ్చే ప్రమాణాలు. అవి కూడా వెంటనే జీవితాంతానికి కాదు. ముందు 3 నుంచి 6 ఏళ్ళు తాత్కాలికం, అవసరమైతే మొత్తం 9 ఏళ్ళదాకా పొడిగిస్తారు. 21 నిండకుండా నిత్య మాటపట్టు లేదు.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఎక్కువగా ఇంట్లోనే. "పుట్టగానే దేవుడికి ఇస్తామని మొక్కుకున్నాం" అంటారు. మొక్కు అమ్మానాన్నలది, బతకాల్సింది పిల్ల. బలవంతంతోనో, భయపెట్టో, మోసంతోనో తీసుకున్న మాటపట్టు చెల్లదని శ్రీసభే చెబుతోంది. చదువు చెప్పిస్తారని చేరేవాళ్ళూ ఉన్నారు. ఆ ఆశ ఉంటే తప్పేం లేదు, కానీ దాచిపెట్టకుండా మొదటే చెప్పాలి. దాచినది మూడో ఏటో నాలుగో ఏటో బయటపడుతుంది, అప్పటికి అందరికీ బాధే.

నొవీస్ (నొవిషియేట్‌లో ఉన్న అమ్మాయి) ఏ రోజైనా ఇంటికి తిరిగి రావచ్చు. తాత్కాలిక మాటపట్టు గడువు తీరినా అంతే. "మఠం నుంచి పారిపోయి వచ్చింది" అని ఊళ్ళో అనే మాట అన్యాయం. ఆ మాటకు జడిసి, మనసు లేకపోయినా లోపలే ఉండిపోయే అమ్మాయిలుంటారు. కాబట్టి తల్లిదండ్రులారా, అమ్మాయిని పంపేటప్పుడే, వచ్చేయాలనిపిస్తే ఫోన్ చేయమని చెప్పండి. టెన్త్, ఇంటర్ మార్కుల మెమోల నకళ్ళు ఇంట్లో ఉంచుకోండి. తిరిగి వస్తే అదే ఏడు కాలేజీలో చేర్చడానికి అవి కావాలి.