మతాన్ని నదిలో కడిగేసుకున్నారు

[తెర మీద: వెడల్పాటి నది, పొగమంచు]

1198. ఇప్పటి లాట్వియాలోని డౌగవా నది. ఇక్కడి లివ్ జాతివాళ్లను క్రైస్తవంలోకి మార్చడానికి సైన్యంతో వచ్చిన జర్మన్ బిషప్ బెర్తోల్డ్ యుద్ధంలో చనిపోయాడు. అయినా గెలిచింది జర్మన్లే. లివ్‌లకు బలవంతంగా బాప్తిస్మం ఇచ్చి ఓడలెక్కారు. ఓడలు కదిలాయో లేదో, లివ్‌లు స్నానాల గదుల్లోంచి బయటికొచ్చి నది నీళ్లు ఒంటిమీద గుమ్మరించుకున్నారు. నీళ్లతో వచ్చిన మతం నీళ్లతోనే పోవాలి కదా!

వెళ్తూ వెళ్తూ ఆ సైన్యంలో ఎవరో చెట్టుకొమ్మ మీద మనిషి తల చెక్కారు. అది జర్మన్ల దేవుడని, వరదా రోగాలూ తెస్తుందని లివ్‌లకు టెన్షన్. తేనెసారా కాచుకుని తాగారు, కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ తలను కొట్టి దుంగల తెప్ప మీద పెట్టి, జర్మన్ల ఓడలు వెళ్లిన గోట్లాండ్ దీవి వైపు సాగనంపారు. దేవుణ్ణి పొలిమేర దాటించేశారు.

[తెర మీద: లాటిన్ రాతప్రతి]

లివ్‌లు ఇదేమీ రాసిపెట్టుకోలేదు. రాసింది హెన్రీ అనే పాదిరి, 1220ల్లో, లాటిన్‌లో. రీగా బిషప్ ఘనత చాటడం ఆయన పని. 1198 నాటికి ఆయన ఆ ప్రాంతానికే రాలేదు, ఇది విన్నమాట. ఆయన చెప్పే శవాల లెక్కలు నేనైతే నమ్మను. కానీ తర్వాత ఆయన ఆ జనం మధ్యే ఉన్నాడు, వాళ్ల భాషలు తెలుసు. ఎస్టోనియన్లు ఒక పాదిరిని చిత్రహింస పెడుతూ అరిచిన మాటను వాళ్ల భాషలోనే రాశాడు: "లౌలా, లౌలా, పాప్పి!" అంటే, పాడు, పాడు, పాదిరీ! ఎస్టోనియన్ భాషలో కాగితానికెక్కిన తొలి మాటల్లో ఇదొకటి.

వెక్కిరించేచోటే హెన్రీ ఎక్కువ పనికొస్తాడు. బెర్తోల్డ్ కంటే ముందున్న మొదటి బిషప్ మైన్‌హార్డ్ గోట్లాండ్ నుంచి మేస్త్రీలను రప్పించి డౌగవా ఒడ్డున ఇక్ష్‌కిలేలో రాతికోట కట్టించాడు. సున్నం రాళ్లను అతికిస్తుందని పొరుగునున్న సెమిగాలియన్లకు తెలియదు. ఓడల మోకులు తెచ్చి కోటను నదిలోకి లాగేద్దామని వచ్చారట! హెన్రీకి అది నవ్వులాట. మనకు మాత్రం అప్పటిదాకా అక్కడ కోటంటే చెక్కకోటేనని తెలుస్తుంది. తవ్వకాల్లో దొరికేవీ అలాంటివే.

[తెర మీద: నీళ్ల మధ్య చిన్న దీవి]

మైన్‌హార్డ్ కాలం నాటి ఇక్ష్‌కిలే చర్చి మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి. 1970ల్లో డౌగవా మీద ఆనకట్ట కట్టాక చుట్టూ నీళ్లు చేరి ఆ చోటు దీవి అయింది. ఆ మొండిగోడల దగ్గరికి ఇప్పుడు పడవేసుకుని వెళ్లాలి.