ఒక మడత బల్ల కోసం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఎమ్మెస్ చేయాలనుకునే మన పిల్లల నోట బర్క్‌లీ పేరు తరచూ వినిపిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్ అది. దాని గేటు దగ్గర, బ్యాంక్రాఫ్ట్, టెలిగ్రాఫ్ అనే రెండు వీధులు కలిసే చోట, ఇటుకలు పరిచిన 26 అడుగుల జాగా ఒకటి ఉండేది. విద్యార్థి సంఘాలు అక్కడ మడత బల్లలు వేసుకుని కరపత్రాలు పంచేవి, చందాలు పోగు చేసేవి. క్యాంపస్ లోపల రాజకీయ ప్రచారం కూడదు. ఈ జాగా మాత్రం ఊరిదని అందరూ అనుకున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 1964లో తేలిందేమంటే, అదీ యూనివర్సిటీదేనట. సెప్టెంబరు 14న డీన్ నుంచి సంఘాలకు ఉత్తరం వచ్చింది: 21వ తేదీ నుంచి అక్కడ బల్లలు వేయడానికి వీల్లేదు.

బల్ల కోసం ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. ఆ వేసవిలో బర్క్‌లీ విద్యార్థులు కొందరు మిసిసిపీ రాష్ట్రానికి వెళ్లి, నల్లజాతివాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో చేర్పించే పని చేశారు. ఆ ఉద్యమంలో ముగ్గురు కార్యకర్తల్ని అక్కడ చంపేశారు. అలాంటి చోటికి వెళ్లి తిరిగొచ్చినవాళ్లతో, మీ కాలేజీ గేటు దగ్గర ఆ పనికి చందా డబ్బా పెట్టొద్దంటే ఊరుకుంటారా?

అభ్యంతరం చెప్పినవాళ్లంతా ఒక బాపతు కాదు. హక్కుల సంఘాలు, సోషలిస్టులు సరే. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో మితవాద అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ కోసం పనిచేస్తున్న కుర్రాళ్లు కూడా వాళ్లతో చేయి కలిపారు. మామూలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని సంఘాలివి. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. తనకి గిట్టని మాట చెప్పేవాడి బల్ల కూడా తన బల్ల పక్కన ఉండాలని అడగడం చిన్న విషయం కాదు. తర్వాత పద్ధతుల దగ్గర పేచీలు వచ్చాయి, అది వేరే సంగతి.

అక్టోబరు 1 మధ్యాహ్నం. పాలనా భవనం స్ప్రౌల్ హాల్ ముందు జాక్ వైన్‌బర్గ్ అనే యువకుడు ఓ హక్కుల సంఘం బల్ల దగ్గర కూర్చున్నాడు. లెక్కల్లో పైచదువు మధ్యలో వదిలేసినవాడు. పోలీసులు అరెస్టు చేసి కారెక్కించారు. విద్యార్థులు కారు ముందూ వెనకా బైఠాయించారు. అంతే, 32 గంటలు కారు కదల్లేదు. లోపల వైన్‌బర్గ్, పైన ప్రసంగాలు. పైన అంటే నిజంగానే కారు టాపు మీద! కారు పాడవకూడదని బూట్లు విప్పి ఎక్కారు. అయినా సొట్టలు పడ్డాయి, ఆ ఖర్చుకి విద్యార్థులే చందాలు వేసుకున్నారు. రాత్రి ఈ ఆందోళన నచ్చని విద్యార్థులు వచ్చి కోడిగుడ్లు, కాలుతున్న సిగరెట్లు విసిరారు. కూర్చున్నవాళ్లు తిరగబడలేదు.

ముప్పై దాటినవాళ్లని నమ్మొద్దు అనే మాట మీరు వినే ఉంటారు. అది ఈ వైన్‌బర్గ్ మాటే. మీ వెనక ఎవరో ఉండి ఆడిస్తున్నారట కదా అని ఒక విలేకరి గుచ్చిగుచ్చి అడిగితే, విసుగుపుట్టి అన్నాడు.

కారెక్కి మాట్లాడినవాళ్లలో మారియో సావియో ఒకడు. ఫిలాసఫీ విద్యార్థి, 21 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ నత్తి. జనం ముందు నిలబడితే మాత్రం ధారాళంగా మాట్లాడేవాడు. మిసిసిపీ వెళ్లొచ్చినవాళ్లలో అతనూ ఉన్నాడు.

చర్చలు సాగాయి కానీ తెగలేదు. నవంబరు చివర్లో యూనివర్సిటీ పాత గొడవల్ని తవ్వి సావియో మీద, మరికొందరి మీద చర్యలకు దిగింది. డిసెంబరు 2న వెయ్యిమందికి పైగా స్ప్రౌల్ హాల్లోకి వెళ్లి వరండాల్లో, మెట్ల మీద కూర్చున్నారు. గాయని జోన్ బయేజ్ కూడా వచ్చింది. తెల్లవారుజామున గవర్నర్ ఆదేశంతో పోలీసులు దిగి, దాదాపు 800 మందిని అరెస్టు చేశారు. ఒళ్లు వదిలేసి పడుకున్నవాళ్లని ఒక్కొక్కరినే ఈడ్చుకుపోవడానికి సుమారు 12 గంటలు పట్టింది.

విద్యార్థుల్ని గెలిపించింది ఆ అరెస్టులని చాలామంది అంటారు. నేనైతే అధ్యాపకులనే అంటాను. డిసెంబరు 8న ప్రొఫెసర్లు సమావేశమై, 115కి వ్యతిరేకంగా 824 ఓట్లతో తీర్మానం చేశారు. సభ ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరగాలో యూనివర్సిటీ నిబంధనలు పెట్టుకోవచ్చు, చదువులకి అడ్డం రాకుండా. ఏం మాట్లాడాలన్న దాని జోలికి మాత్రం పోకూడదు. బయట నిలబడి విన్న విద్యార్థులు, ప్రొఫెసర్లు వస్తుంటే దారి వదిలి చప్పట్లు కొట్టారు. ఆ రోజు సావియో 22వ పుట్టినరోజు కూడా.

మన దగ్గర ఇలా జరగలేదు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు నిజాం ప్రభుత్వం విద్యార్థుల్ని చదువుల నుంచి వెళ్లగొట్టింది. చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్నవారే. వాళ్లని ఆదుకున్నది పరాయి యూనివర్సిటీ.

బర్క్‌లీ గెలుపుకీ ఖరీదు ఉంది. ఆ క్యాంపస్ గందరగోళాన్ని చక్కదిద్దుతానని చెప్పి రొనాల్డ్ రీగన్ 1966లో గవర్నర్‌గా నెగ్గారు. కొత్త సంవత్సరం మొదట్లోనే యూనివర్సిటీ అధ్యక్షుడు క్లార్క్ కెర్‌ని పదవి నుంచి తీసేశారు. విద్యార్థులు తిట్టిపోసిన మనిషే ఆయన. విద్యార్థుల్ని ఉపేక్షించాడని రీగన్ వర్గానికీ కోపమే. సావియో 120 రోజుల జైలుశిక్ష అనుభవించాడు. తర్వాత చాలాకాలం ఎవరికీ కనపడకుండా బతికి, చివరికి సోనోమా స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. 1996లో చనిపోయే ముందు రోజుల్లో అక్కడి విద్యార్థుల ఫీజుల పెంపు మీద పోట్లాడుతున్నాడు.

స్ప్రౌల్ హాల్ మెట్లకి మరుసటి ఏడాది అతని పేరు పెట్టారు. వాటి ముందున్న స్ప్రౌల్ ప్లాజాలో సంఘాలు ఇప్పటికీ బల్లలు వేసుకుంటాయి. మైకు పెట్టుకోవాలంటే మాత్రం మధ్యాహ్నం 12 నుంచి 1 గంట వరకేనన్నది అక్కడ చాలాకాలంగా ఉన్న నియమం. నమస్కారం.